త్రీ-రింగ్ రైజర్ల విషయంలో ఇకనుంచి మా పద్ధతి

మా దగ్గర రిగ్ (పారాచూట్ సెట్టు మొత్తం) సర్వీసు చేయించుకునే స్కైడైవింగ్ జంపర్లకు ఒక మాట. ఒక కంపెనీ చేసిన, ఒంటికి తొడిగే పట్టీల హార్నెస్‌కి ఇంకో కంపెనీ పాత రైజర్లు (హార్నెస్ని పారాచూట్ తాళ్లకి కలిపే పట్టీలు) బిగించే పని ఇకమీదట ఒప్పుకోం. చౌకగా దొరికాయని తెచ్చేవాళ్లు ఎక్కువయ్యారు. బేరాలు కొన్ని పోతాయి, పోనివ్వండి.

బిల్ బూత్ 1970ల్లో రూపొందించిన ఈ త్రీ-రింగ్ ఏర్పాటు మెయిన్ పారాచూట్ని గాల్లో వదిలించుకోడానికి; ఇది లివర్ లెక్క మీద నడుస్తుంది. హార్నెస్ మీది పెద్ద రింగులోంచి మధ్య రింగు దూరి మడుచుకుంటుంది, అందులోంచి చిన్న రింగు, దాని మీదుగా తెల్ల లూపు. లూపు రైజర్ మీద లోహపు అంచున్న చిల్లైన గ్రొమెట్‌నీ, హౌసింగ్ (కేబుల్ దూరే గొట్టం) చివరి గ్రొమెట్‌నీ దాటి వెనక పసుపు కేబుల్‌కి తగులుకుంటుంది. రింగు రింగుకీ బరువు తగ్గి, లూపు మీద పడేది కొంచెమే. కుట్టు కాస్త పక్కకి జరిగినా, లూపు పొట్టిదైనా పొడుగైనా రింగులు వాటి కోణంలో కూర్చోవు. అప్పుడు లూపు మీద బరువు పెరిగి, కటవే హ్యాండిల్ (మెయిన్ పారాచూట్ని వదిలేసే పిడి) లాగడం కష్టమవుతుంది. మినీ (చిన్న సైజు సెట్టు) రింగుల్లో లివర్ చేతులే పొట్టివి, కాబట్టి కుట్టులో తేడాని అవి అసలు ఓర్చుకోవు. పైకి చూస్తే మాత్రం ఏ రైజరైనా బాగానే కనిపిస్తుంది!

మేం చూసేవి ఇవీ: లూపు చిన్న రింగును మాత్రమే పట్టుకుందా (మధ్య రింగును కూడా చుట్టేస్తే ఆ వైపు ఊడకపోవచ్చు), రింగుల్లో వంపు, తుప్పు ఉన్నాయా, గ్రొమెట్ అంచు లూపును కోస్తోందా. మినీ రైజర్ 1 అంగుళం టైప్ 17 వెబ్బింగ్ (నేసిన పట్టీ)‌, కొత్తదానికి 2,500 పౌండ్ల రేటింగ్. చిల్లు దగ్గర పోగులు లేస్తే ఆ అంకెని మర్చిపోండి. కేబుల్ చివర గరుకుగా ఉంటే లూపులో చిక్కుకుంటుంది. మరీ పొట్టిగా కత్తిరిస్తే, ఓపెనింగ్ కుదుపుకి హార్నెస్ సాగి హౌసింగ్ కదిలినప్పుడు ఒక వైపు తనంతట తనే ఊడే ప్రమాదం. ఒకే వైపు ఆర్ఎస్ఎల్ (మెయిన్ ఊడగానే రిజర్వ్, అంటే అత్యవసర పారాచూట్ని తెరిచే పట్టీ) ఉన్న రిగ్‌లో ఆ వైపు రైజర్ ఆఖర్న ఊడేలా కేబుల్ పొడవులు ఉండాలి. లైన్లు మెలిపడ్డప్పుడు రైజర్ లోపల కేబుల్ నలగకుండా గట్టి హౌసింగ్‌లు ఉన్నాయో లేదో కూడా చూస్తాం.

మీ వంతు పని నెలకోసారి. నేల మీద హ్యాండిల్ లాగి రింగులు విడదీయండి. వెబ్బింగ్ మడతపడి బిర్రబిగుస్తుంది, దాన్ని చేత్తో అటూ ఇటూ మెలిపెట్టి వదులు చేయండి. కేబుల్‌ని పోగులు రాలని గుడ్డతో తుడవండి, నల్లగా అంటుకునేదంతా మురికే. తర్వాత తయారీదారు మాన్యువల్‌లో చెప్పిన లూబ్రికెంట్ పల్చగా రాయండి. ఇంట్లో ఏ నూనె ఉంటే అది పూయకండి, దుమ్ము పట్టేస్తుంది.

అమెరికాలో విమానయాన నియంత్రణ సంస్థ ఎఫ్ఏఏ ప్రకారం 180 రోజులకోసారి రిజర్వ్ని విప్పి చూసి మళ్లీ మడిచే రీప్యాక్‌కి ఎలాగూ ఇస్తారు కదా, అప్పుడే మెయిన్ రైజర్లు, హ్యాండిల్, కేబుళ్లు అన్నీ కలిపి ఇవ్వండి. తనిఖీకి వేరే డబ్బు తీసుకోం. రైజర్లు మార్చాలని మేం చెబితే, కొత్తవాటి మీద మాకు కమీషన్ ఉంటుంది, దాచేదేం లేదు. అనుమానం ఉంటే తయారీదారు దగ్గర మీరే నేరుగా కొనుక్కోండి, బిగించి ఇస్తాం.