కార్యదర్శి వార్షిక నివేదిక: మాస్టారి సన్మానం, మిగతా సంగతులు

అమెరికా మిడ్‌వెస్ట్‌లోని మన తెలుగు సంఘం సభ్యులందరికీ నమస్కారం. సర్వసభ్య సమావేశానికి ముందు కార్యదర్శి నివేదిక ఇవ్వాలని మన నియమావళిలో ఉంది కాబట్టి ఇది రాస్తున్నాను. సంక్రాంతి, ఉగాది, దీపావళి ఎప్పటిలాగే జరిగాయి. ఫొటోలు అందరూ చూసినవే కనుక మళ్లీ వర్ణించను. వంట కమిటీకి, సౌండ్ చూసుకున్న కుర్రాళ్లకి, పిల్లలతో నాటకం వేయించిన టీచర్లకి, ప్రతిసారీ హాలు ఊడ్చి తాళం వేసి ఆఖరున వెళ్లిన ఆ రెండు కుటుంబాలకి కృతజ్ఞతలు.

ఈ ఏడాది గర్వంగా చెప్పుకోవాల్సింది మాస్టారి సన్మానం. నివేదికలో పేరు వేయకూడదన్నది ఆయన పెట్టిన షరతు. వేయకపోయినా మీకు తెలుసు.

కొత్త సభ్యుల కోసం నాలుగు మాటలు. 1965లో అమెరికా వలస చట్టం మారేదాకా భారతీయులకి ఏడాదికి వంద మంది కోటా ఉండేది. అది పోయాక, 1960ల చివర్లో, చదువుకోడానికి వచ్చి ఇక్కడే స్థిరపడ్డ తరం మాస్టారిది. విదేశీ మారకం మీద ఆంక్షల వల్ల అప్పట్లో 8 డాలర్లు చేతిలో పెట్టి విమానం ఎక్కించేవారు. పీహెచ్‌డీ అయ్యాక సివిల్ ఇంజనీరింగులో అసిస్టెంట్ ప్రొఫెసర్‌గా చేరారు. మన మిడ్‌వెస్ట్ చలికి కాంక్రీటు రోడ్లు ఎందుకు పగులుతాయన్నదే ఆయన జీవితకాలపు పరిశోధన. నీరు గడ్డకడితే సుమారు 9 శాతం ఉబ్బుతుంది. కాంక్రీటులో సన్నటి గాలిబుడగలు ముందే ఉంచితే ఆ ఒత్తిడికి చోటు దొరుకుతుంది. సన్మానంలో ఆయన పూర్వ విద్యార్థి ఒకరు ఇది చెబుతుంటే, సివిల్ అంటే ఏమిటో తెలియని మన సాఫ్ట్‌వేర్ జనం కూడా ఫోన్లు పక్కన పెట్టి విన్నారు.

టెన్యూర్, అంటే ప్రొఫెసర్ ఉద్యోగం శాశ్వతం కావడం, దాని టెన్షన్ యూనివర్సిటీల్లో పనిచేసేవాళ్లకి తెలుసు. ఆరో ఏడు వచ్చేసరికి పేపర్లు, గ్రాంట్లు చూపించాలి, టెన్యూర్ రాకపోతే మరో ఏడాదిలో సామాను సర్దుకోవాలి. సరిగ్గా ఆ రోజుల్లోనే మాస్టారు ఆదివారం తెలుగు క్లాసు మొదలుపెట్టారు. వాచకాలు లేక పాఠాలు చేత్తో రాసి సైక్లోస్టైల్ తీసి పంచేవారట. ఆ క్లాసులో అక్షరాలు దిద్దిన అమ్మాయే ఇప్పుడు మన బడి నడుపుతున్నారు. సన్మాన పత్రం చదివింది కూడా ఆవిడే.

అయితే ఈ సంఘానికి ఆయన చేసినవాటిలో పెద్దది ఎవరూ ఫొటో తీయని పని. ఆగస్టులో కొత్తగా వచ్చే విద్యార్థులకి చేదుగా ఉన్నా చెప్పేవారు: సెమిస్టర్ నడుస్తుండగా క్యాంపస్‌లో వారానికి 20 గంటలకి మించి పని చేయకూడదు, బయట గ్యాస్ స్టేషన్‌లో నగదుకి అసలే వద్దు, వీసా స్టేటస్ పోతే మేమెవరం కాపాడలేం. ఎవరైనా పిల్లవాడు ప్రమాదంలో పోతే ఇండియాలోని తల్లిదండ్రులతో మాట్లాడేదీ ఆయనే. మృతదేహాన్ని ఇండియాకి పంపాలంటే కరోనర్ (ప్రమాద మరణాలు విచారించే అధికారి) దగ్గర నుంచి మరణ ధ్రువపత్రం, దేహం పాడవకుండా మందులు ఎక్కించామని ఫ్యూనరల్ హోమ్ ఇచ్చే ఎంబామింగ్ సర్టిఫికెట్, అంటువ్యాధి లేదన్న పత్రం, పాస్‌పోర్టు రద్దు, భారత కాన్సులేట్ ఇచ్చే నిరభ్యంతర పత్రం (ఎన్‌ఓసీ), ఆపైన విమానం కార్గో బుకింగు. ఏ కాగితం తర్వాత ఏది కావాలో ఆయన ఒక ఫైల్లో రాసిపెట్టారు. చుట్టుపక్కల ఊళ్ల సంఘాలు కూడా ఆ ఫైలే అడిగి తీసుకెళ్తుంటాయి.

సన్మానానికి హాలు ఇస్తామన్న ఒక స్కూలు ఆఖరి వారంలో మాట మార్చింది. కొత్త హాలు వెతికిపెట్టిన ఉపాధ్యక్షులకి ధన్యవాదాలు. వాట్సాప్‌లో చేతులు జోడించిన బొమ్మలు, ‘మేమున్నాం’ అన్న మెసేజిలు కుప్పలుగా వచ్చాయి గానీ, కుర్చీలు వేయడానికి వచ్చింది కార్యవర్గం, వాళ్ల పిల్లలు. మాస్టారు కూడా రెండు కుర్చీలు మోయబోతే ఆపాల్సి వచ్చింది. శాలువా కప్పించుకుని ఆయన మాట్లాడింది రెండు నిమిషాలే. తన పేరు మీద అవార్డులేవీ వద్దని, పోగైన డబ్బు అత్యవసర సహాయ నిధికి వేయమని అన్నారు, అలాగే వేశాం.

లెక్కలు కోశాధికారి చదువుతారు. వసూళ్లు 50 వేల డాలర్ల లోపే కనుక అమెరికా పన్ను శాఖ ఐఆర్‌ఎస్‌కి చిన్న సంఘాలు ఏటా ఇవ్వాల్సిన 990-ఎన్ పత్రం గడువులోగా దాఖలైంది. వరసగా మూడేళ్లు మానేస్తే పన్ను మినహాయింపు దానంతటదే రద్దవుతుందని తెలిసే, దాని వెంటపడి చేయించాం. వివరాలు కావాలన్నవారు కోశాధికారినే అడగండి.

ఇక అసలు విషయం. సంఘం అత్యవసర ఫోను ఇన్నేళ్లూ మాస్టారింట్లోనే మోగింది. ఎనభై దాటాయి, ఇక అర్ధరాత్రి డ్రైవ్ చేయలేనని, ఫోను, ఫైలు రెండూ ఎవరికైనా అప్పగిస్తానని ఆయన చెప్పారు. సహాయ కమిటీ కన్వీనర్ పదవికి అలా ఖాళీ వచ్చింది. సాంస్కృతిక కమిటీకి పోటీ పడుతున్నవారు చాలామందే ఉన్నారు, దీనికి ఇప్పటిదాకా ఒక్క నామినేషన్ కూడా రాలేదు. ఎజెండాలో ఇది నాలుగో అంశం. ఫారాలు రిజిస్ట్రేషన్ టేబుల్ దగ్గర ఉంటాయి. ఈ అంశం తేలాకే భోజనాలు.

ఇట్లు,
కార్యదర్శి