హోంస్కూలింగ్ తల్లిదండ్రుల సంఘం వార్షిక నివేదిక: ఈసారి ఎక్కువగా చలికాలం గురించే

సభ్యులందరికీ నమస్కారం.

నివేదిక ఆలస్యమైంది, ఒప్పుకుంటున్నాను. పోయినేడాది "కార్యక్రమాలన్నీ ఏడాది పొడవునా విజయవంతంగా జరిగాయి" అని నేనే రాశాను. అది చదివి ఒకావిడ ఫోన్ చేసి, "జనవరిలో మా ఇంట్లో ఒక్క పుస్తకం తెరవలేదండీ, మీ అందరిళ్ళలో అంత బాగా జరిగిందంటే లోపం మాలోనే ఉన్నట్టుంది" అన్నారు. నిజం చెప్పాలంటే ఆ జనవరిలో మా ఇంట్లోనూ తెరవలేదు. అందుకే ఈసారి జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

ముందు మిగతా సంగతులు రెండు ముక్కల్లో. నెలకో సమావేశం అనుకున్నాం, రెండు వాయిదా పడ్డాయి. పుస్తకాల మార్పిడి బాగా నడిచింది, కాకపోతే పెట్టెలోంచి వెళ్ళిన పుస్తకాల్లో కొన్ని ఇంకా తిరిగి రాలేదు, ఎవరి దగ్గరున్నాయో వాళ్ళకి తెలుసు. కొత్తగా చేరిన కుటుంబాలకి పాతవాళ్ళు ఒకరు తోడుండే ఏర్పాటు చేశాం, అది అనుకున్నదానికంటే బాగా కుదిరింది. జమాఖర్చులు కోశాధికారిగారు సర్వసభ్య సమావేశంలో విడిగా చూపిస్తారు.

ఇక చలికాలం. నవంబరు దాకా ఎవరింట్లోనైనా బండి నడిచిపోతుంది. డిసెంబరు రాగానే పిల్లలు లేవరు, లేచినా దుప్పటి వదలరు, పదింటికి మొదలవ్వాల్సిన పాఠం పదకొండున్నరకి మొదలై, మధ్యాహ్నానికి అరుపులతో ముగుస్తుంది. మా అబ్బాయి సంగతే చెప్తాను, వాడికి పదకొండేళ్ళు. ఒకరోజు దుప్పటి ముసుగేసుకుని, భిన్నాల పేజీ ముందు పెట్టుకుని, పెన్సిల్ చెక్కుతూ కూర్చున్నాడు. మొన తేలగానే కాగితానికి నొక్కి విరగ్గొట్టడం, మళ్ళీ చెక్కడం. పావుగంటకి పెన్సిల్ సగమైంది, లెక్క మాత్రం ఒక్కటీ కాలేదు. నేనొక కేక వేశాను. వాడు తలెత్తి, "నీక్కూడా చెప్పాలని లేదు కదమ్మా" అన్నాడు. కోపం రావాలి కానీ రాలేదు, ఎందుకంటే వాడన్నది నిజమే.

ఆ వారం సమావేశంలో ఈ మాట చెప్తే గదిలో ఉన్నవాళ్ళందరూ నవ్వారు, తర్వాత ఒక్కొక్కరే తమ ఇంటి కథ చెప్పడం మొదలుపెట్టారు. రెండు గంటల ఎజెండా పక్కకి పోయింది. నా దృష్టిలో ఈ ఏడాది సంఘం చేసిన పనుల్లో అదే పెద్దది. మనలో లేని ఉత్సాహం పిల్లల్లో ఎందుకు లేదని వాళ్ళని తిడుతున్నాం, బడి వద్దనుకుని ఇంటికి తెచ్చుకుని, అదే బడి టైంటేబుల్ గోడకి అంటించాం. ఈ రెండూ ఆరోజే బయటపడ్డాయి.

మొదట మార్చింది వేళలు. పొద్దున చీకటిగా, చలిగా ఉన్నప్పుడు లెక్కలు పెట్టడం మానేసి, ఆ గంట అందరూ ఒకే దుప్పటికింద చేరి గట్టిగా చదువుకునే కథలకి ఇచ్చేశాం. మధ్యాహ్నం, వెలుతురు బాగా ఉన్న వేళ, కనీసం అరగంట బయట. ఇది పాఠం ఎగ్గొట్టడం కాదా అని ఒక నాన్నగారు అడిగారు. వెలుతురు సంగతి ఆయనకి చెప్పిందే ఇక్కడా చెప్తాను. ఇంట్లో దీపం కింద మామూలుగా ఉండేది కొన్ని వందల లక్స్ (వెలుతురుని కొలిచే లెక్క), అదే మబ్బు పట్టిన మధ్యాహ్నం కూడా బయట వేలల్లో ఉంటుంది, మంచి ఎండలో లక్ష దాకా వెళ్తుంది. కంటికి ఆ తేడా అంతగా తెలియదు కానీ నిద్రనీ మెలకువనీ నడిపే ఒంట్లోని గడియారానికి తెలుస్తుంది. ఆయన వెంటనే నమ్మలేదు, ఫోన్‌లో లక్స్ కొలిచే యాప్ పెట్టుకుని ఇంట్లో ప్రతి గదీ పిల్లలతో కొలిపించారు. అది ఆ వారానికి వాళ్ళ సైన్సు పాఠం అయిపోయింది.

రెండోది పాఠం నిడివి. చిన్నపిల్లలకి ఒక పాఠం ఇరవై నిమిషాలు దాటకూడదని ఇంగ్లండు విద్యావేత్త చార్లెట్ మేసన్ (1842–1923) ఎప్పుడో చెప్పారు. మనలో చాలామందికి ఈ మాట తెలుసు, పాటించినవాళ్ళు తక్కువ. ఈ చలికాలం వంటగదిలో వాడే టైమర్ పెట్టుకుని నిజంగా పాటించాం. టైమర్ మోగాక, లెక్క సగంలో ఉన్నా సరే, ఆపేయాలి. మా అబ్బాయి మూడోరోజు "ఆగమ్మా, ఇదొక్కటి" అన్నాడు. నేను ఆగలేదు, పుస్తకం మూసేశాను. కాస్త కక్ష తీర్చుకున్నట్టే అనిపించింది, కానీ మర్నాడు ఆ లెక్క కోసం వాడే పుస్తకం తెరిచాడు.

అన్నిటికంటే బాగా పట్టుకున్నది, చలికాలాన్నే పాఠం చేసుకోవడం. పుష్యమాసంలో పూస గుచ్చేంత పొద్దు ఉండదంటారు కదా, ఆ పొద్దు ఎంత తక్కువో కొలుద్దాం అనుకున్నాం. ప్రతి ఇంటివాళ్ళూ ఆరుబయట ఒక నిట్టనిలువు కర్ర పాతి, వారానికోసారి మధ్యాహ్నం నీడ అతిపొట్టిగా ఉన్నప్పుడు దాని కొసన గుర్తు పెట్టాలి. మేం సుద్దముక్కతో గీస్తే తడికి చెరిగిపోయింది, తర్వాత రంగు టేపు అంటించాం. నవంబరంతా గుర్తులు వారంవారం దూరం జరుగుతూ పోయాయి. డిసెంబరు మూడోవారంలో కదలడం మానేసినట్టయింది, రెండు టేపులు ఒకదాని మీద ఒకటి పడ్డాయి. మా చిన్నది "కర్ర చెడిపోయింది" అంది. ఆ పై రెండు వారాలకి గుర్తు వెనక్కి రావడం మొదలైనప్పుడు ఇద్దరూ ఇంట్లోకి పరిగెత్తుకొచ్చి నన్ను చెయ్యిపట్టి లాక్కెళ్ళారు. డిసెంబరు 21 పొద్దు అతి తక్కువున్న రోజు అని పుస్తకంలో చదివితే ఎవరు పరిగెడతారు? (దక్షిణార్ధగోళంలో ఉన్న సభ్యులు ఇక్కడి తేదీలకి ఆరు నెలలు కలుపుకోండి.)

ఇందులోనే మన పరువు పోయిన ఘట్టం ఒకటుంది. ఒక అమ్మాయి, పదేళ్ళుంటాయి, రోజూ సూర్యాస్తమయం టైము నోటుబుక్కులో రాసుకుంటోంది. ఇంకా 21వ తేదీ రాకముందే, సూర్యుడు ఆలస్యంగా అస్తమించడం మొదలైంది అని సమావేశంలో చెప్పింది. పెద్దవాళ్ళం నలుగురం కలిసి, పొద్దు ఇంకా తగ్గుతోందమ్మా, నువ్వు తప్పు రాసుంటావు అని తీర్పు చెప్పేశాం. ఆ పిల్ల ఏడవలేదు, నోటుబుక్కు మా ముందు పెట్టి వెళ్ళి కూర్చుంది. ఇంటికెళ్ళి పట్టికలు చూస్తే తనే కరెక్ట్. అన్నిటికంటే తొందరగా పొద్దుగూకే రోజు 21వ తేదీకి ముందే వస్తుంది, అన్నిటికంటే ఆలస్యంగా తెల్లారే రోజు దాని తర్వాత వస్తుంది, ఎన్ని రోజులు ముందు, ఎన్ని రోజులు తర్వాత అన్నది మనం ఏ అక్షాంశం మీద ఉన్నామన్నదాన్ని బట్టి ఉంటుంది. కారణం ఏమిటంటే, డిసెంబరు చివర్లో ఒక నడిమధ్యాహ్నం (సూర్యుడు అన్నిటికంటే ఎత్తున ఉండే వేళ) నుంచి మరో నడిమధ్యాహ్నానికి సరిగ్గా 24 గంటలు కాదు, దానికంటే సుమారు అర నిమిషం ఎక్కువ పడుతుంది. గడియారం ప్రకారం ఆ నడిమధ్యాహ్నం రోజూ కొంచెం ఆలస్యమవుతుంటే దాంతోపాటే తెల్లారడమూ పొద్దుగూకడమూ ఆలస్యం వైపు జరుగుతాయి. తర్వాతి సమావేశంలో ఆ అమ్మాయికి అందరి ముందూ సారీ చెప్పాం, పాఠం తనతోనే చెప్పించాం. చలి ఎందుకు వస్తుందో కూడా తనే అడిగింది, "సూర్యుడు దూరంగా వెళ్తాడు కాబట్టి" అని సగం మంది పెద్దలు చెయ్యెత్తారు. భూమి సూర్యుడికి అతి దగ్గరగా ఉండేది జనవరి మొదట్లోనే, సుమారు 14.7 కోట్ల కిలోమీటర్లు. జులైలో 15.2 కోట్లు. అసలు సంగతి భూమి 23.5 డిగ్రీలు ఒరిగి ఉండటంలో ఉంది. టార్చిలైటు గోడమీద నిటారుగా ఒకసారి, ఏటవాలుగా ఒకసారి వేసి చూపిస్తే చిన్నపిల్లలకి కూడా అర్థమైంది, ఏటవాలుగా వేస్తే అదే వెలుగు ఎక్కువ చోటికి పలచబడిపోతుంది.

జనవరిలో మంచుపలుకుల (స్నోఫ్లేక్స్) వారం. మీరుండే చోట మంచు పడకపోయినా ఫర్వాలేదు, కాగితం ఉంటే చాలు. విల్సన్ బెంట్లీ అని అమెరికాలో వెర్మాంట్‌కి చెందిన రైతు, 1885 జనవరి 15న మైక్రోస్కోపుకి కెమెరా బిగించి తన మొదటి మంచుపలుకు ఫొటో తీశాడు. అప్పటికి ఇరవై ఏళ్ళు కూడా నిండలేదు. 1931లో చనిపోయేలోగా ఐదువేలకి పైగా తీశాడు. మనకి కావలసిన ముక్క ఏమిటంటే, పద్నాలుగేళ్ళు వచ్చేదాకా ఆయనకి చదువు చెప్పింది వాళ్ళమ్మే, ఇంట్లోనే. ఈ కథ చెప్పి కాగితాలు మడతపెట్టి కత్తిరించమంటే పిల్లలందరూ సగానికి సగం మడిచారు, అందరికీ ఎనిమిది కొమ్ములొచ్చాయి. అసలు మంచుపలుక్కి ఆరే, ఎందుకంటే నీటి అణువులు గడ్డకట్టేటప్పుడు ఆరు మూలల అల్లికలో సర్దుకుంటాయి. మరి ఆరు ఎలా తేవాలి? సగానికి మడిచిన కాగితాన్ని మూడు సమానభాగాలు చేయాలి, ఒక్కో భాగం 60 డిగ్రీలు. కోణమాని ముట్టుకోనని భీష్మించుకున్న పిల్లలు ఆ సాయంత్రం దానికోసం కొట్టుకున్నారు.

ఐసు ప్రయోగం మాత్రం మా ఇంట్లో బెడిసికొట్టింది. నీళ్ళు గడ్డకడితే పరిమాణం దాదాపు 9 శాతం పెరుగుతుంది, ప్లాస్టిక్ డబ్బాలో సగం దాకా పోసి గీత పెట్టి చూడండి అని సూచనల కాగితంలో రాసింది నేనే. మావాడు గాజు సీసా నిండా పోసి, మూత బిగించి, ఫ్రీజర్లో పెట్టాడు. గాజుపెంకులు ఏరడానికి నాకు గంట పట్టింది, ఆ గంటా వాడు పక్కన నిలబడి "చూశావా, నిజంగానే పెరుగుతుంది" అంటూనే ఉన్నాడు. గాజు వద్దు అని ఈసారి ఎర్ర ఇంకుతో రాస్తాను.

కొవ్వొత్తి పాఠం దానికి పూర్తిగా వ్యతిరేకం, మొదటిసారికే కుదిరింది. లండన్ రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లో 1825 నుంచి, రెండో ప్రపంచయుద్ధంలో కొన్నేళ్ళు తప్ప, ఏటా చలికాలంలో కుర్రకారు కోసం సైన్సు ఉపన్యాసాలు పెడుతున్నారు, అందులో శాస్త్రవేత్త మైకేల్ ఫారడే ఒక్క కొవ్వొత్తి మీదే వరసగా మాట్లాడాడు. కొవ్వొత్తి ఆర్పగానే లేచే తెల్లటి పొగకి, వత్తికి కొంచెం పైన, అగ్గిపుల్ల చూపిస్తే మంట పొగవెంట కిందికి దూకి వత్తి అంటుకుంటుంది, ఎందుకంటే ఆ పొగలో ఉన్నది ఇంకా కాలని మైనం. గాలి విసురు తగలని చోట, పెద్దవాళ్ళ చేత్తోనే చేయాలి. పిల్లలు ఇరవైసార్లు చేయించారు, నాకు అగ్గిపెట్టె అయిపోయింది. లెక్కలకైతే రెండు పాచికలు చాలు. వందసార్లు వేసి మొత్తాలు రాయమంటే 7 గెలుస్తూ వచ్చింది, 36 అవకాశాల్లో ఆరు దానివే కదా, 2కీ 12కీ ఒక్కొక్కటే. వేసవిలో నెలరోజులు చెప్పినా ఎక్కని భిన్నాలు, 6/36 అంటే 1/6 అని, ఆటలో ఎక్కేశాయి. ఆకాశం తేటగా ఉన్న రాత్రుళ్ళు కృత్తికలు, రోహిణి, ఎర్రటి ఆర్ద్ర చూపించాం. పది నిమిషాలకి మించి ఎవరూ చలిలో నిలబడలేదు, అది చాలు.

కుదరనివీ చెప్పాలి. నక్షత్రాల స్టిక్కర్ల చార్టు పెట్టాం, పదిరోజుల్లో పిల్లలు పళ్ళు తోముకున్నా స్టిక్కర్ అడగడం మొదలుపెట్టారు, పీకేశాం. పొద్దున్నే వీడియో కాల్‌లో అందరం కలిసి వ్యాయామం అన్నాం, నాలుగోరోజుకి నేనూ ఇంకొకాయనా మిగిలాం, ఐదోరోజు ఆయన కూడా రాలేదు. వ్యాకరణం వెనకబడింది, దాన్ని దాచను, మార్చిలో పూడ్చుకోవాల్సి వచ్చింది.

పెద్దవాళ్ళ ఓపిక కోసం చేసిన ఒకే ఒక్క ఏర్పాటు వంతుల రోజు. వారంలో ఒకపూట నాలుగిళ్ళ పిల్లలు ఒకింట్లో, మిగతా మూడిళ్ళ తల్లిదండ్రులకి సెలవు. సెలవు పూట ఇల్లు సర్దకూడదని షరతు పెట్టాం, ఎవరూ పాటించలేదనుకోండి, అయినా మర్నాడు మనుషులు వేరేగా కనిపించారు. ఒక్కమాట, దిగులు వారాల తరబడి వదలకపోయినా, నిద్రా ఆకలీ పూర్తిగా మారిపోయినా అది బద్ధకం కాదు. ఏటా చలికాలంలో వచ్చే డిప్రెషన్‌ని నార్మన్ రోజెంతాల్, ఆయన సహచరులు 1984లోనే వివరించారు, చికిత్స ఉంది. పెద్దలకైనా పిల్లలకైనా డాక్టర్ని కలవండి, సిగ్గుపడాల్సిన పని లేదు.

వచ్చే ఏడాదికి కార్యవర్గం అనుకుంటున్నవి: కర్రలు అక్టోబరు చివర్లోనే పాతాలి. ఆ నోటుబుక్కు అమ్మాయి అందరి సూర్యాస్తమయాలూ ఒక పట్టికలో పెడతానంది, మీ అక్షాంశం తనకి పంపండి. వంతుల రోజుకి ఇంకో రెండు ఇళ్ళు కావాలి. కార్యదర్శి పనికి కొత్తవాళ్ళు ముందుకొస్తే నాకు సంతోషం. సర్వసభ్య సమావేశానికి వచ్చేటప్పుడు పెట్టెలోంచి తీసుకెళ్ళిన పుస్తకాలు తెచ్చేయండి, వాటిలో నక్షత్రాల పటం కూడా ఉంది, డిసెంబరులో దానికోసం మూడిళ్ళు తిరిగాను.

మీ కార్యదర్శి