ఉల్లి వేరు పక్కన ఫోన్ పెట్టి చూశాం

ఎడిటర్ గారికి,

సెల్‌ఫోన్ తరంగాలతో కణ విభజన గాడి తప్పుతోందంటూ మీరు వేసిన వార్త చదివాను. ఏ కణాలు, ఎంత మోతాదు, ఎన్ని గంటలు అన్నది అందులో ఎక్కడా లేదండీ, హెడ్డింగ్‌లో మాత్రం క్యాన్సర్ ఉంది.

నేను బయాలజీ టీచర్ని. ఉల్లి వేరు కొన కోసి, ఎసిటోకార్మిన్ అనే ఎర్ర రంగు చుక్క వేసి, స్లైడ్‌ని మంటకు కాస్త చూపించి బొటనవేలితో నొక్కితే, విడిపోతున్న కణాల్లో ఎర్రటి క్రోమోజోములు రెండు వైపులకీ లాగినట్టు కనిపిస్తాయి. ఒకసారి ఇద్దరు పిల్లలు ఉల్లిపాయలున్న గ్లాసుకి ఫోన్ ఆనించి, గంటలకొద్దీ కాల్ ఆన్‌లో ఉంచి, "మేడమ్, విభజన తేడాగా ఉంది" అని పరుగెత్తుకొచ్చారు. చూస్తే నిజమే, కొన్ని కణాల్లో ఒకటీ అరా క్రోమోజోములు వెనకబడి ఉన్నాయి. కానీ ఫోన్ ఆనిన వైపు గ్లాసు గోరువెచ్చగా తగిలింది, తేడా ఆ వేడి వల్ల కూడా కావచ్చు! పైగా ఏది ఫోన్ గ్లాసో తెలిసే లెక్కపెట్టారు. చీటీలు మార్చేసి మళ్లీ లెక్కపెట్టిస్తే, ఫోన్ లేని గ్లాసు స్లైడ్లలోనూ అలాంటివి దాదాపు అన్నే తేలాయి.

ఎక్స్‌రేలా డీఎన్‌ఏని నేరుగా తెంచే శక్తి ఈ తరంగాలకి లేదు. 900 మెగాహెర్ట్జ్ దగ్గర ఒక్కో ఫోటాన్ (తరంగ శక్తి తునక) శక్తి రసాయన బంధాన్ని తెంచడానికి కావలసిన దాంట్లో పది లక్షల్లో ఒక వంతు ఉంటుందేమో, అంతే. అలాగని "విద్యుత్ క్షేత్రం కణాన్ని ఏమీ చేయలేదు" అని కొట్టిపారేసేవాళ్లతోనూ నాకు పేచీయే. గ్లయోబ్లాస్టోమా అనే మెదడు క్యాన్సర్‌కి, గుండు చేసిన తల మీద ఎలక్ట్రోడ్లు అంటించి 200 కిలోహెర్ట్జ్ క్షేత్రంతో విభజనను చెడగొట్టే చికిత్స ఉంది, అమెరికాలో 2011లోనే దానికి అనుమతి వచ్చింది. అయితే ఫోన్ తరంగాల ఫ్రీక్వెన్సీ దానికి కొన్ని వేల రెట్లు ఎక్కువ, అక్కడ పని చేసిందని ఇక్కడా చేస్తుందనుకోలేం. ఫోన్ ఫ్రీక్వెన్సీల దగ్గర తిరుగులేకుండా తేలింది ఒంట్లో వేడి పుట్టడం. అందుకే తల దగ్గర కిలో కణజాలానికి 2 వాట్లు అని అంతర్జాతీయ పరిమితి పెట్టారు.

2011లో ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ విభాగం ఫోన్ తరంగాలని "క్యాన్సర్ కారకం కావచ్చు" అనే 2బి జాబితాలో పెట్టిన మాట నిజం. ఆ జాబితా చెప్పేది ఆధారం ఎంత గట్టిదో మాత్రమే, ప్రమాదం ఎంత పెద్దదో చెప్పదు. కలబంద ఆకు సారం కూడా అందులోనే ఉంది. 2018లో అమెరికాలో వచ్చిన ఎలుకల నివేదిక సంగతీ అంతే: రోజుకి 9 గంటల చొప్పున సుమారు రెండేళ్లు ఒళ్లంతా తరంగాలు తగిలిన మగ ఎలుకల్లో కొన్నింటికి గుండెలో కణితులు వచ్చాయని అందరూ రాశారు, అవే ఎలుకలు తరంగాలు తగలని వాటికంటే ఎక్కువ కాలం బతికాయని మాత్రం ఎవరూ పెద్దగా రాయలేదు.

ఈసారి ఇలాంటి వార్త వేసేటప్పుడు కణాలున్న డిష్ ఉష్ణోగ్రత అదుపులో ఉంచారా, లెక్కపెట్టినవాళ్లకి ఏది ఏదో ముందే తెలుసా, ఇంకో ల్యాబ్‌లోనూ అదే ఫలితం వచ్చిందా, ఈ మూడు సంగతులు కనుక్కుని వేయండి, హెడ్డింగ్ కొంచెం చిన్నదైనా పర్వాలేదు.

- ఒక బయాలజీ టీచర్