60 మీటర్ల పైన ఆగిపోతున్న పని: పౌర విమానయాన శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

కేంద్ర పౌర విమానయాన శాఖ మంత్రి శ్రీ కింజరాపు రామ్మోహన్ నాయుడు గారికి,

నమస్కారాలు. 2021 ఆగస్టులో వచ్చిన డ్రోన్ నియమాలు డ్రోన్లతో సర్వే, తనిఖీ చేసే మా పనికి ఊపిరి పోశాయి. విమానాశ్రయం ప్రహరీ నుంచి 45 కిలోమీటర్ల దాకా ఉన్న యెల్లో జోన్‌ను, అంటే అనుమతి ఉంటేనే ఎగరాల్సిన ప్రాంతాన్ని, 12 కిలోమీటర్లకు కుదించారు. 8 నుంచి 12 కిలోమీటర్ల మధ్య వలయంలో 200 అడుగుల వరకు, అంటే 60 మీటర్ల వరకు, ఎవరినీ అడగక్కర్లేదు. ఆ వలయం దాటాక, అనుమతి అక్కర్లేని గ్రీన్ జోన్‌లో 400 అడుగులు, అంటే 120 మీటర్లు. అంతకు పైన ఎగరాలంటే ఏటీసీ (విమానాల రాకపోకలను నియంత్రించే విభాగం) అనుమతి కావాలి. మా విన్నపమంతా ఆ పై ఎత్తు గురించే.

ఆ ఎత్తు దేనికని అడగొచ్చు. సర్వే పనినే చూడండి. ఒక అంగుళం సెన్సర్, 20 మెగాపిక్సెళ్ల కెమెరా ఉన్న మామూలు డ్రోన్ 120 మీటర్ల నుంచి ఫొటో తీస్తే ఒక్కో పిక్సెల్ నేల మీద సుమారు 3.3 సెంటీమీటర్లు. పొలం గట్లకు, లేఅవుట్లకు, కాలువ పనులకు అది చాలు. అదే పొలాన్ని 60 మీటర్ల నుంచి తీస్తే ఫొటోలు నాలుగింతలు, ఎగరాల్సిన గీతలు రెండింతలు. బ్యాటరీలు రెండింతలు మార్చాలి, అంటే టేకాఫ్‌లూ ల్యాండింగ్‌లూ రెండింతలే. నేలకు, మనుషులకు దగ్గరగా డ్రోన్ ఉండేది సరిగ్గా ఆ రెండు ఘట్టాల్లోనే. పైగా 60 మీటర్లలో ఎగిరే డ్రోన్‌కు 45 మీటర్ల సెల్ టవర్ మీద మిగిలే ఖాళీ 15 మీటర్లు. హైటెన్షన్ తీగలు ఇంకా చిక్కు: సన్నటి తీగ కెమెరాకు ఆనదు, సెన్సర్‌కూ ఆనదు. కింద ఎగిరితే క్షేమమన్న లెక్క పై విమానాల వైపు నుంచి చూస్తే నిజమే. కింద ఉన్న మనుషుల వైపు నుంచి చూస్తే చాలాచోట్ల తలకిందులవుతుంది.

ఇక విమానాల వైపు నుంచే చూద్దాం. దిగే విమానం మామూలుగా 3 డిగ్రీల వాలులో వస్తుంది. రన్‌వే అంచుకు 8 కిలోమీటర్ల దూరంలో ఆ వాలు ఎత్తు సుమారు 420 మీటర్లు. దాని కింద 120 మీటర్లలో డ్రోన్ ఎగిరినా మధ్యలో 300 మీటర్ల ఖాళీ ఉంటుంది. మరో లెక్క మీ శాఖ దగ్గరే ఉంది. కట్టడాల ఎత్తుకు 2015 నాటి నియమాలున్నాయి, వాటికి రంగుల జోనింగ్ మ్యాపులున్నాయి. పెద్ద రన్‌వేకు 8 కిలోమీటర్లు దాటాక అడ్డంకుల హద్దు సాధారణంగా ఏరోడ్రోమ్ మట్టానికి పైన 145–150 మీటర్ల దగ్గర ఉంటుంది. అంటే అక్కడ 100 మీటర్ల అపార్ట్‌మెంట్‌కు ఎన్‌ఓసీ (నిరభ్యంతర పత్రం) దొరికే వీలుంది. ఆ అపార్ట్‌మెంట్ గోడల్లో బీటలు చూడటానికి వెళ్లే రెండు కిలోల డ్రోన్ మాత్రం 61వ మీటర్ దగ్గర ఆగి అనుమతి అడగాలి.

కట్టడం కదలదు, రాత్రి దీపం పెట్టుకుని నిలబడుతుంది. డ్రోన్ కదులుతుంది, గాలికి జరుగుతుంది, సిగ్నల్ పోగొట్టుకుంటుంది. ఆ తేడా మాకు తెలుసు. హెలికాప్టర్లు ఆ వాలును పాటించవనీ తెలుసు. అందుకే 150 ఇమ్మనడం లేదు. ఆ హద్దు నుంచి తగినంత తగ్గించి, ఒక్కో గడికి ఒక్కో ఎత్తు రాసిపెట్టమంటున్నాం. అమెరికాలో చేసింది ఇదే. విమానాశ్రయం చుట్టూ నేలను గళ్లుగా విడగొట్టి, ఒక్కో గడికి 0 నుంచి 400 అడుగుల వరకు ఒక అంకె వేశారు. ఆ అంకె లోపు ఎత్తుకు చాలా చోట్ల కంప్యూటరే క్షణాల్లో అనుమతి ఇస్తుంది. దాన్ని మించి కావాలంటే వేరే అభ్యర్థన, దాన్ని మనిషి చూసి తేలుస్తాడు. 90 రోజుల ముందు నుంచే పెట్టుకోవచ్చు. మన దగ్గర మ్యాపు ఉంది, రంగులున్నాయి. ఆ రంగు మీద అంకె ఒక్కటే లేదు.

అంకె లేకపోతే ఏమవుతుందో ఒక దరఖాస్తును దగ్గరగా చూస్తే తెలుస్తుంది. పైలట్ "ఎత్తు 120" అని రాస్తాడు. అడుగులా, మీటర్లా? నేల నుంచా, సముద్రమట్టం నుంచా? విమానాలు ఆ ఎత్తుల్లో సముద్రమట్టం లెక్కన, అడుగుల్లో ఎగురుతాయి. డ్రోన్ తెర మీద కనిపించేది టేకాఫ్ అయిన చోటి నుంచి మీటర్లలో. నేల 540 మీటర్ల ఎత్తున ఉందనుకుంటే కంట్రోలర్‌కు కావాల్సిన అంకె 660 మీటర్లు, అంటే సుమారు 2,165 అడుగులు. ఇక్కడే మన ప్రాంతానికి ప్రత్యేకమైన ఉచ్చు ఒకటి ఉంది. జీపీఎస్ నేరుగా ఇచ్చే ఎత్తు ఎలిప్సాయిడ్ అనే గణితపు ఉపరితలం నుంచి కొలిచింది. దక్షిణాదిలో సముద్రమట్టపు ఉపరితలం దానికంటే 70 మీటర్లకు పైగా కిందుండే చోట్లు చాలా ఉన్నాయి. తేడా 75 మీటర్లున్న చోట జీపీఎస్ అంకెను సరిచేయకుండా రాసేస్తే డ్రోన్ కాగితం మీద దాదాపు 245 అడుగులు కిందకు దిగిపోతుంది. 200 అడుగుల హద్దు కోసం ఇంత చర్చ జరిగే చోట 245 అడుగుల పొరపాటు ఒక గడిలో దాక్కుంటుంది. దరఖాస్తులో నేల ఎత్తు, నేల నుంచి గరిష్ఠ ఎత్తు, సముద్రమట్టం నుంచి గరిష్ఠ ఎత్తు అని మూడు వేర్వేరు గడులుండి, కూడిక సరిపోకపోతే దరఖాస్తు ముందుకు వెళ్లకుండా ఉంటే ఈ బాధ తీరుతుంది.

మా వైపు తప్పులూ ఒప్పుకుంటాం. రిటర్న్ టు హోమ్ ఎత్తు, అంటే సిగ్నల్ పోతే డ్రోన్ తిరిగొచ్చే ఎత్తు, సరిచూసుకోకపోవడం వాటిలో పెద్దది. అనుమతి 90 మీటర్లకు తెచ్చుకుని, డ్రోన్‌లో ఆ సెట్టింగ్ పాత పని నాటి 120 దగ్గరే వదిలేస్తే, సిగ్నల్ పోయిన క్షణాన డ్రోన్ తనంతట తనే 120కి ఎక్కి ఇంటి ముఖం పడుతుంది. పైలట్ వేలు కదపకుండానే ఉల్లంఘన జరిగిపోతుంది. గరిష్ఠ ఎత్తు సెట్టింగ్‌ను అనుమతి అంకె దగ్గర, రిటర్న్ ఎత్తును దానికి కనీసం 10 మీటర్లు కింద, అయితే చుట్టుపక్కల అన్నిటికంటే ఎత్తైన అడ్డంకికి పైన పెట్టాలి. ఆ రెండిటి మధ్య చోటు లేకపోతే ఆ పని ఆ ఎత్తులో చేయకూడదు. గుట్ట మీద నుంచి టేకాఫ్ చేయడం ఇంకో తప్పు: తెర మీద 100 అనే ఉంటుంది, కింద నేల 50 మీటర్లు పల్లానికి వెళ్లిపోయి ఉంటుంది. ఈ రెండు సంగతులూ దరఖాస్తులోనే అడగండి. రిటర్న్ ఎత్తు రాయని దరఖాస్తును తిప్పి పంపినా మాకు అభ్యంతరం లేదు.

పొగగొట్టాలు, టవర్ల తనిఖీ సంగతి వేరు. థర్మల్ కేంద్రాల్లో 275 మీటర్ల పొగగొట్టాలున్నాయి, అవి గ్రీన్ జోన్‌లో ఉన్నా 120 దాటగానే అనుమతి కావాలి. పొగగొట్టానికి 30 మీటర్ల దగ్గరగా ఏ విమానమూ రాదు. న్యూజిలాండ్‌లో కట్టడానికి 100 మీటర్ల లోపు, దాని కొస కంటే కింద ఎగిరే డ్రోన్‌ను ఆ కట్టడం చాటున ఉన్నట్టే లెక్కిస్తారు. ఎన్‌ఓసీ ఉన్న కట్టడానికి 30 మీటర్ల లోపు, దాని కొస దాటకుండా ఎగిరే తనిఖీలకు మన దగ్గరా అలాంటి వెసులుబాటు ఇవ్వవచ్చు. ఎన్‌ఓసీలోనే కట్టడం ఎత్తు, అక్షాంశ రేఖాంశాలు ఉన్నాయి. కొత్తగా కొలవాల్సింది ఏమీ లేదు.

అనుమతి ఎవరినడగాలన్నది కూడా మ్యాపులోనే కనపడాలి. హైదరాబాద్‌లో బేగంపేట, హకీంపేట, దుండిగల్ రన్‌వేల చుట్టూ గీసిన వలయాలు ఒకదానిలో ఒకటి కలిసిపోతాయి. విశాఖలో రన్‌వే నౌకాదళానిది. అలాంటి చోట గడి మీద నొక్కగానే ఏ ఏటీసీ టవర్ బాధ్యతో, ఆ రోజు పని మొదలయ్యే ముందు ఏ నంబరుకు ఫోన్ చేయాలో రావాలి.

తేదీల విషయంలో చిన్న మాట. ఒక్క రోజుకే అనుమతి ఇస్తే, ఆ రోజు గాలి సెకనుకు 12 మీటర్లు వీచినా పైలట్ మీద ఎగరాలన్న ఒత్తిడి పడుతుంది. ఏడు రోజుల గడువిచ్చి, ఎగిరే రోజు అరగంట ముందు ఫోన్, దిగాక మరో ఫోన్ తప్పనిసరి చేయండి. గాలి బాగున్న పూట చూసుకుని ఎగురుతాం, టవర్‌కూ గాలిలో ఏముందో కచ్చితంగా తెలుస్తుంది.

చివరగా, తిరస్కరించే హక్కు కంట్రోలర్‌దే, దాన్ని మేం ప్రశ్నించం. తిరస్కరణలో ఒక అంకె మాత్రం ఉండాలి. "120 కుదరదు, 90 అయితే సరే" అనో, "ఈ ఈశాన్యపు మూల తీసేస్తే సరే" అనో, "ఉదయం 6 నుంచి 7 వరకు సరే" అనో. అలాంటి జవాబు వస్తే ఆ సాయంత్రమే ఫ్లైట్ ప్లాన్ మార్చుకుని మళ్లీ పంపగలం.

ఇట్లు,
తెలుగు రాష్ట్రాల్లో సర్వే, తనిఖీ పనులు చేసే డ్రోన్ పైలట్లు