వెయిటింగ్ లిస్టు అంటే తిరస్కరణ కాదు

సంపాదకునికి,

అమెరికా లాంటి దేశాల్లో మెడికల్ కాలేజీకి దరఖాస్తు పెట్టినవాళ్లు రోజుకు పదిసార్లు మెయిల్ తెరుస్తారు గానీ స్పామ్ వంక చూడరు. ఇంటర్వ్యూ పిలుపు అక్కడే పడి గడువు దాటిపోవచ్చు. కాలేజీ మెయిల్ చిరునామాను ముందే కాంటాక్టుల్లో చేర్చుకోవాలి. వారానికోసారి పోర్టల్‌లోకి వెళ్లి మార్కుల పత్రాలు, సిఫారసు లేఖలు అందినట్టు చూపుతోందో లేదో చూసుకోవాలి. ఒక్క లేఖ తక్కువైనా ఫైలు పరిశీలనకే వెళ్లకపోవచ్చు.

వెయిటింగ్ లిస్టు విషయంలో అపోహలు ఎక్కువ. రెండు మూడు చోట్ల సీటు వచ్చినవాళ్లు ఒకటి ఉంచుకుని మిగతావి వదిలేస్తేనే అది కదులుతుంది. అందుకే కదలిక తరచూ ఫీజు గడువు ముగిసే రోజుల్లోనే కనిపిస్తుంది. అప్పుడు ఫోన్ దగ్గరుండాలి. జవాబుకు ఇచ్చే వ్యవధి చాలా తక్కువ. ఈలోపు కొత్త మార్కులొస్తే, కాలేజీ ఒప్పుకుంటేనే, ఒక్క పేజీలో రాసి పంపాలి. ఊరికే ఆఫీసుకు ఫోన్లు చేస్తే ఒరిగేదేమీ లేదు, అవతలివాళ్లకు విసుగు తప్ప.

— ఒక పాఠకురాలు