బ్యాటరీ సీసాలో ఏ నీళ్లు?

సంపాదకులకు నమస్కారం.

ఎండలు ముదిరి కరెంటు పోవడం మొదలైతే డెల్టాలో ఇంటింటా ఇన్వర్టర్ల మీదే భారం. వాటి బ్యాటరీల్లో పోసే డిస్టిల్డ్ వాటర్ సీసాలు కిరాణా కొట్టు నుంచి పెట్రోలు బంకు దాకా అమ్ముతున్నారు. వాటిలో ఉన్నవి ఆవిరి పట్టి చల్లార్చిన నీళ్లా, ఏ ఆర్వో ప్లాంటు దగ్గరో పట్టుకొచ్చినవా అని అడిగే నాథుడు లేడు.

పరీక్ష ఇంట్లోనే చేసుకోవచ్చు. కొన్ని వందల రూపాయలకు దొరికే టీడీఎస్ మీటరు చాలు. నీటిలో కరిగిన లవణాలు లీటరుకు ఎన్ని మిల్లీగ్రాములో అది అంకెలో చూపుతుంది. గాజు గ్లాసును ముందు అదే సీసా నీళ్లతో రెండుసార్లు తొలవాలి. లేకపోతే మన బోరు నీళ్లు గ్లాసుకు అంటించిన ఉప్పే అంకెను మార్చేస్తుంది. అసలైన డిస్టిల్డ్ వాటరైతే సున్నా, ఒకటి, మహా అయితే రెండు మూడు చూపాలి. మా ఊళ్లో కొన్న ఒక సీసా 48 చూపింది! తాగునీటి ప్రమాణం 500 దాకా ఒప్పుకుంటుంది కాబట్టి తాగేందుకైతే ఆ అంకెతో పేచీ లేదు. బ్యాటరీ సంగతి వేరు. నీరు ఆవిరైపోతుంది, లవణాలు సెల్లులోనే పేరుకుంటాయి. క్లోరైడు ప్లేట్లను తినేస్తుంది, ఇనుము ఉంటే వాడకుండానే ఛార్జి దిగిపోతుంది. వేలు పోసి కొన్న బ్యాటరీ ముందే మూలపడితే కంపెనీని తిట్టుకుంటాం.

కొందరు ఆమ్ల, క్షార గుణాలు చూపే పీహెచ్ కాగితం ముంచి, ఆమ్లగుణం ఉంది కాబట్టి కల్తీ అంటున్నారు. అది పొరపాటు. శుద్ధమైన నీరు గాలిలోని కార్బన్ డయాక్సైడును పీల్చుకుని పీహెచ్ 7 నుంచి 5.7 దగ్గరికి దిగడం, అంటే కాస్త ఆమ్లగుణం రావడం మామూలే. టీడీఎస్ మీటరుకూ హద్దుంది. కరెంటును మోసే లవణాలే దానికి తెలుస్తాయి, సూక్ష్మజీవులు తెలియవు. సున్నా చూపింది కదా అని ఆ నీళ్లను రోగికి ఆక్సిజన్ అందించే కాన్సంట్రేటర్ యంత్రం సీసాలో పోయకూడదు.

బ్యాటరీ నీటికి ఐఎస్ 1069 అనే భారతీయ ప్రమాణం ఎప్పటినుంచో ఉంది. ప్యాకెట్ సరుకుల మీద తయారీదారు పేరు, చిరునామా, తయారైన నెల ఉండాలని తూనికలు కొలతల చట్టం కింద వచ్చిన 2011 నిబంధనలూ చెబుతున్నాయి. మా ఊరి సీసా మీద బ్యాటరీ బొమ్మ తప్ప ఏమీ లేదు. తూనికలు కొలతల అధికారులు కాటాలు తనిఖీ చేసే రోజునే ఈ సీసాల లేబుళ్లూ చూడాలి. నీటిలో లవణాల అంకెను లేబులు మీద వేయడం ప్రభుత్వం తప్పనిసరి చేయాలి. అంతవరకు అమ్మే కొట్టువాళ్లే బల్ల మీద ఒక మీటరు పెట్టి, కొనేవారి ఎదుటే ముంచి చూపించాలి.

– ఒక పాఠకుడు, పాలకొల్లు