చిట్టీ, రెండో సీజన్ కూడా ఆడు

చిట్టీ,

నువ్వు తెలుగు చదవడానికి టైం పడుతుందని తెలుసు, అందుకే తెలుగులో రాస్తున్నా, నిదానంగా చదువుతావని. ఆరేళ్ళు వారం వారం మనబడికి తిప్పింది ఇందుకే కదా. ఫోన్‌లో చెబుదామంటే నాకు పొద్దున్న అయ్యేసరికి నీకు రాత్రి, నువ్వు నిద్రమొహంతో ఊఁ ఊఁ అంటావు, నేను అసలు సంగతి వదిలేసి తిన్నావా లేదా అని అడిగి పెట్టేస్తాను. ఇక్కడ మధ్యాహ్నం పూట అమ్మమ్మ పడుకున్నాక రెండు గంటలు ఖాళీ ఉంటోంది, నాలుగు రోజులనుంచి కొంచెం కొంచెం టైప్ చేస్తున్నా.

అసలు సంగతి ముందే చెప్పేస్తా. అక్టోబర్లో కార్లో నేనన్న మాట తప్పు. స్ప్రింగ్ సెమిస్టర్లో కాలేజీ స్విమ్మింగ్ టీంకి పేరు ఇచ్చెయ్. వచ్చే ఫాల్ సెమిస్టర్లో మళ్ళీ వాటర్ పోలో ఆడు. ఈ సీజన్‌తో ఆపెయ్ అని నేను అనకుండా ఉండాల్సింది.

ఆ రోజు నాకు బాగా గుర్తుంది. మూడో క్వార్టర్లో నీకు మూడో ఎక్స్‌క్లూజన్ పడింది, అదే, తప్పు పట్టి కాసేపు బయటికి పంపడం, మూడు పడితే ఇంక ఆ మ్యాచ్‌లోకి తిరిగి రావడానికి లేదు, టోపీ తీసేసి బెంచి మీద టవల్ కప్పుకుని కూర్చున్నావు. మీ టీం మొత్తం తొమ్మిది మందే. నీళ్ళలో ఏడుగురు ఉండాలి. నువ్వు బయటికొచ్చాక మార్చడానికి ఒక్క పిల్లే మిగిలింది, ఇంతలో ఇంకో అమ్మాయికి పిక్క పట్టేసింది, అయినా ఆ పిల్ల బయటికి రాలేదు. నేనవేవీ చూళ్ళేదు. నీ భుజం మీద గోళ్ళ గీతలు, మెడ దగ్గర ఎర్రగా కందిపోయింది, అదొక్కటే చూశా. కారెక్కాక ఇదంతా దేనికి, ఎవరు మెచ్చుకోవాలని, బుద్ధిగా సెమిస్టర్‌కి పద్దెనిమిది యూనిట్ల క్లాసులు తీసుకుని తొందరగా యూనివర్సిటీకి ట్రాన్స్‌ఫర్ అయిపోరాదూ అన్నా. నువ్వు ఒక్క మాట కూడా అనలేదు. ఇంటికెళ్ళి స్విమ్ సూట్ ఉతుక్కుని ఆరేసుకుని పడుకున్నావు. మీ నాన్న ఆ రాత్రి నాతో, దానికి దెబ్బ తగిలింది నీళ్ళలో కాదు అన్నారు. నాకప్పుడు కోపం వచ్చింది ఆయన మీద.

ఇంక ఇక్కడి సంగతి చెప్తా, దానికీ దీనికీ సంబంధం ఉంది.

నేను అవనిగడ్డ వచ్చిన మూడో రోజే నవంబర్ 19. నీకు చిన్నప్పుడు చెప్పాను గానీ నువ్వు మర్చిపోయి ఉంటావు. 1977లో ఆ రోజు దివిసీమ మీద ఉప్పెన పడింది. తుఫాను చీరాల దగ్గర తీరం దాటింది, సముద్రం లేచి ఊళ్ళ మీదికి వచ్చేసింది, పదివేల మందికి పైగా పోయారు. అప్పుడు మనవాళ్ళు నాగాయలంక దిగువన ఉండేవాళ్ళు. నాకు ఏడాది నిండింది అంతే. తాతయ్య నన్ను భుజానికి పంచెతో కట్టేసుకున్నారట, అమ్మమ్మ తాటిచెట్టు పట్టుకుని ఆ రాత్రంతా ఉంది. అమ్మమ్మ చెల్లెలు దొరకలేదు. ప్రతి ఏడూ ఆ రోజు ఇక్కడ అందరూ పోయినవాళ్ళని తలుచుకుంటారు, అమ్మమ్మ మటుకు ఆ రోజు ఎవరితోనూ మాట్లాడదు, ఈసారీ అంతే, మోకాలి నొప్పి అని కూడా అనలేదు.

మా ఇంట్లో ఆడపిల్లలు నీళ్ళ దగ్గరికి వెళ్ళకపోవడానికి కారణం ఇదే. మగపిల్లలు కాలవలో దూకేవాళ్ళు, మీ మామయ్య అయితే పులిగడ్డ అక్విడక్ట్ దాకా పోయి తన్నులు తిని వచ్చేవాడు, మేం మాత్రం గట్టు మీద బట్టలు ఉతుక్కుని చెంబుతో పోసుకుని వచ్చేయాలి. మోకాళ్ళ పైకి నీళ్ళు వస్తే అమ్మమ్మ గట్టు మీంచి పిలిచే పిలుపు ఇప్పటికీ నా చెవుల్లో ఉంది. నీకు ఐదేళ్ళప్పుడు స్విమ్మింగ్ క్లాసులో వేసింది మీ నాన్న, నేను కాదు. నేను ఆ అద్దాల అవతల కూర్చుని దండం పెట్టుకుంటూ ఉండేదాన్ని.

మొన్న మీ నాన్న పంపిన వీడియో అమ్మమ్మకి చూపించా, నవంబర్లో నీ ఆఖరి మ్యాచ్‌ది. చాలాసేపు చూసింది. నువ్వు ఏ టోపీ అని అడిగింది, చూపించా. తర్వాత దాని కాళ్ళు నేలకి ఆనవుటే అంది. ఆనవు, ఆనకూడదు అది రూలు, పూల్ ఏడడుగుల లోతు అన్నా. ఎంతసేపు అంది. ఎనిమిదేసి నిమిషాలు నాలుగు క్వార్టర్లు, మధ్యలో గడియారం ఆపుతారు కాబట్టి గంట దాకా పడుతుందన్నా. బంతి ఒంటి చేత్తోనే పట్టాలట, గోల్‌కీపర్ ఒక్కతే రెండు చేతులూ వాడొచ్చట అని కూడా చెప్పా. అది వినిపించుకున్నట్టు లేదు. మరి ఏం పట్టుకుంటుంది అని అడిగింది.

ఏమీ పట్టుకోదమ్మా అన్నా.

సాయంత్రం దీపం పెట్టి వచ్చాక మళ్ళీ అడిగింది, ఏమీ పట్టుకోదా అని.

చిట్టీ, నీ ఆట నాకు అప్పుడు అర్థమైంది. నాలుగు నెలలు స్టాండ్స్‌లో కూర్చుని నేను నీ మొహమే చూశా, నీ భుజాలే చూశా, నీళ్ళ కింద ఏం జరుగుతోందో ఒక్కసారి కూడా ఆలోచించలేదు. మీరు నీళ్ళలో నిలబడడానికి కాళ్ళు తిప్పే ఆ ఎగ్‌బీటర్ అంటే ఏంటో అమ్మమ్మకి చెప్పాలి కదా, వంటింట్లో పాత కవ్వం ఉంటే తెచ్చి చూపించా, తాడు లాగితే కవ్వం ఇటో చుట్టు అటో చుట్టు తిరుగుతుంది చూడు, దీని కాళ్ళు అలా ఒకటి ఇటు ఒకటి అటు తిరుగుతూనే ఉంటాయి, ఆ బలంతోనే నడుందాకా పైకి లేస్తుంది అని. చెబుతూ చెబుతూ నాకే గొంతు పట్టేసింది. నువ్వు పొద్దున్నే ఐదింటికి లేచి, పూల్ మీద ఆవిరి పొగలా లేస్తుంటే, బరువైన బంతి రెండు చేతులా నెత్తిమీద ఎత్తి పట్టుకుని ఆ కాళ్ళతో నిలబడే ప్రాక్టీస్ నేను చూశా. చూసి జలుబు చేస్తుందని స్వెటర్ ఇచ్చా, అంతే నేను చేసింది.

అక్టోబర్లో నీకు ఎక్స్‌క్లూజన్లు ఎందుకు పడ్డాయో ఇప్పుడు యూట్యూబ్‌లో చూసి నేర్చుకున్నా. నువ్వు ఆడేది హోల్ డి, గోల్ ముందు అవతలి టీం సెంటర్‌ని ఆపే పని, నీకంటే నలభై పౌన్లు ఎక్కువున్న అమ్మాయి వీపు నీ మీద ఆనించి తోస్తుంటే నువ్వు కదలకుండా ఉండాలి. అవతలి అమ్మాయి చేతిలో బంతి లేనప్పుడు ఆ పిల్లని పట్టుకున్నా ముంచినా వెనక్కి లాగినా ఇరవై సెకన్లు బయటికి పంపేస్తారు, ఆ ఇరవై సెకన్లు మీవాళ్ళు ఒకరు తక్కువతో గోల్ కాపాడుకోవాలి. అంటే నీకు అన్నిసార్లు పడ్డాయంటే నువ్వు తప్పులు చేశావని కాదు, అందరికంటే కష్టమైన చోట నిన్ను పెట్టారని. నేను దాన్ని అల్లరిపిల్లకి టీచర్ శిక్ష వేసినట్టు అనుకున్నా.

నా తప్పులు ఇంకా ఉన్నాయి. మొదటి మ్యాచ్ రోజు చలేస్తుందని నీ చేతులకీ కాళ్ళకీ కొబ్బరినూనె రాశా, ఒంటికి నూనె ఉండకూడదని కోచ్ సబ్బుతో కడిగించింది. అట్లతద్దికి గోరింటాకు పెట్టా, ఆ మర్నాడే మ్యాచ్, మొదలయ్యే ముందు రిఫరీ అందరి గోళ్ళూ చూస్తుంది కదా, నీ ఎర్రటి చేతులు తిప్పి తిప్పి చూసింది. నువ్వు ఏం చెప్పావో ఏమో ఆవిడ నవ్వింది. నువ్వు సిగ్గుపడతావని అనుకున్నా, నువ్వు గోల్ వేసి ఆ చెయ్యే పైకెత్తావు.

ఇంకోటి కూడా ఒప్పుకోవాలి. మనవాళ్ళు ఎవరు అడిగినా అమ్మాయి బయాలజీ చదువుతోంది అని చెప్పి ఊరుకునేదాన్ని, రెండేళ్ళ కమ్యూనిటీ కాలేజీ అని చెప్పేదాన్ని కాదు. ఇక్కడికొచ్చాక పెద్దత్తయ్య అడిగితే చెప్పేశా, కమ్యూనిటీ కాలేజీ, వాటర్ పోలో ఆడుతుంది అని. ఆవిడ గుర్రాల మీద ఆడేదా అంది. వీడియో చూపించా.

ఇప్పుడు లెక్కలు. నువ్వు లెక్కలకైతే ఒప్పుకుంటావు. సీజన్లో ఉన్నప్పుడు పన్నెండు యూనిట్లు తగ్గకూడదు, రెండో సీజన్ ఆడాలంటే ఇరవైనాలుగు యూనిట్లు పాసై ఉండాలి, కమ్యూనిటీ కాలేజీలో ఆడనిచ్చేదే రెండు సీజన్లు. ట్రాన్స్‌ఫర్‌కి అరవై యూనిట్లు కావాలి. ఈ ఫాల్ పన్నెండు అయ్యాయి, స్ప్రింగ్‌లో పదిహేను, సమ్మర్లో ఆరు, వచ్చే ఫాల్ మళ్ళీ పన్నెండు, ఆ పై స్ప్రింగ్ పదిహేను, అన్నీ కలిపితే సరిగ్గా అరవై. యూసీ డేవిస్ యూనివర్సిటీకి ట్యాగ్, అదే ముందే సీటు ఖాయం చేసుకునే అప్లికేషన్, పెట్టాలంటే సమ్మర్ అయ్యేసరికి ముప్ఫై ఉండాలి, నీకు ముప్ఫైమూడు ఉంటాయి. ట్యాగ్ సెప్టెంబర్లో, అసలు అప్లికేషన్ నవంబర్ ఆఖరికల్లా, రెండూ పోలో సీజన్లోనే పడతాయి కాబట్టి ఎస్సే ఆగస్టులోనే రాసి పెట్టుకో, నేను వెంటపడను, ఒక్కసారి గుర్తుచేస్తా. యూనిట్‌కి 46 డాలర్లు, అరవైకి 2,760. స్పోర్ట్స్ స్కాలర్‌షిప్ కాలిఫోర్నియా కమ్యూనిటీ కాలేజీల్లో ఇవ్వరని నాకు తెలుసు, మనకి అక్కర్లేదు. నేను చెప్పిన పద్దెనిమిది యూనిట్ల ప్లాన్‌లో నువ్వు వెళ్ళేది కూడా 2027 ఫాల్‌కే, ఒక్క నెల కూడా ముందు వెళ్ళవు. ఇది నేను కాయితం మీద వేసి చూశాకే అర్థమైంది. పన్నెండు చాలు అన్నప్పుడు మీ కోచ్ నిన్ను వెనక్కి లాగుతోందనుకున్నా, ఆవిడకి ఈ లెక్క ముందే తెలుసు.

డేవిస్‌లో కూడా అమ్మాయిల టీం ఉంది, కానీ నాలుగేళ్ళ కాలేజీల్లో అమ్మాయిల సీజన్ స్ప్రింగ్‌లో అట. అక్కడ ఆడతావో లేదో ఆ ముచ్చట అప్పుడు చూసుకుందాం.

స్విమ్మింగ్ సంగతికొస్తే, నేను స్విమ్మర్‌ని కాదమ్మా, స్లో, ఫైవ్ హండ్రెడ్ ఫ్రీలో ఆఖర్న వస్తా అన్నావు. ఐదొందల గజాలు, అంటే పూల్ ఈ చివర నుంచి ఆ చివరకి ఇరవై లెంగ్తులు, ఆగకుండా ఈదడం మన ఇంటి ఆడవాళ్ళలో ఇంతవరకూ ఎవరూ చెయ్యలేదు, నువ్వు ఆఖర్న వచ్చినా ఇరవయ్యోది నువ్వే ఈదుతావు. పైగా ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా ఈదితేనే ఫాల్‌కి క్వార్టర్ మొదట్లో బంతి కోసం ఆ పరుగు, అదే స్ప్రింట్, నువ్వు గెలుస్తావని కోచ్ అంది కదా. రిలేకి నలుగురు కావాలి, మీరు ఎంతమందో నీకే తెలుసు. కొడుకుని స్టాండ్స్‌లో టాబ్లెట్ ఇచ్చి కూర్చోబెట్టి ఆడే ఆ పెద్ద అమ్మాయి, రాత్రి కిరాణా షాపులో షిఫ్ట్ చేసి పొద్దున్నే ప్రాక్టీస్‌కి వచ్చే పిల్ల, హైస్కూల్లో ఒక్కరోజు కూడా బంతి పట్టకుండా ఇక్కడికొచ్చి గోల్‌కీపర్ అయిన పిల్ల, వీళ్ళంతా నువ్వు వస్తావనే అనుకుంటున్నారు. నువ్వు మానేస్తే ఎనిమిది మందే.

ఒలింపిక్స్‌లో మగవాళ్ళు ఈ ఆట 1900లోనే ఆడారట, ఆడవాళ్ళని ఆడనిచ్చింది 2000లో, సిడ్నీలో. పేరెంట్స్ మీటింగ్‌లో మీ కోచ్ చెప్పినప్పుడు పెద్దగా పట్టించుకోలేదు. ఇక్కడ కూర్చుంటే లెక్క కడుతున్నా, 2000 అంటే ఇదే ఇంట్లో నాకు సంబంధాలు చూస్తున్నారు, ఎవరో అబ్బాయి తరఫువాళ్ళు అమ్మాయికి ఈత వచ్చా అని అడగలేదు, వంట వచ్చా అని అడిగారు. ఆ ఆటలో మూడు గోల్డ్ మెడల్స్ గెలిచిన మ్యాగీ స్టెఫెన్స్ మనింటికి అరగంట దూరంలో డాన్‌విల్ అమ్మాయి అని నువ్వు చెప్పినప్పుడు కూడా ఊఁ అన్నా. ఈసారి ఆవిడ మ్యాచ్‌లు నాకు పెట్టి చూపించు, పక్కన కూర్చుని ఎవరు ఏం చేస్తున్నారో చెప్పు.

జనవరి పదో తారీకున బయల్దేరుతున్నా. సున్నుండలు తెస్తున్నా, టీం అందరికీ సరిపడా, నట్స్ పడనివాళ్ళు ఎవరైనా ఉంటే ముందే చెప్పు, జీడిపప్పు వెయ్యకుండా చేయిస్తా. జుట్టుకి కొబ్బరినూనె రాత్రిపూట మానకు, క్లోరిన్‌కి చూడు ఎలా పీచులా అయిందో, ఒంటికి రాయనులే ఇంక.

అమ్మమ్మ పక్కన కూర్చుని ఎవరికి రాస్తున్నావ్ అని అడుగుతోంది. నీకో మాట చెప్పమంది. ఆ వీడియోలో పైపైనే కనిపిస్తోందట, కాళ్ళు ఆనట్లేదంటే తను నమ్మదట. మీవాళ్ళలో ఎవరి దగ్గరో నీళ్ళలో తీసే కెమెరా ఉందన్నావు కదా, ఈసారి నీళ్ళ కింద నుంచి తీసి పంపమంటోంది, నీ కాళ్ళు కనిపించేలా.

అమ్మ